మెల్లకన్ను, లెక్కల పుస్తకం, ఒక ఈగ

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. వయసు 33. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పదేళ్లుగా పద్దులు రాస్తున్నాను, జీఎస్టీ రిటర్నులన్నీ నా చేతి మీదే వెళ్తాయి. ఇంటర్ నుంచీ నాటకాల పిచ్చి. పరిషత్తు పోటీల్లో రెండుసార్లు ఉత్తమ ప్రతినాయకుడి బహుమతి వచ్చింది. చిన్నప్పటినుంచీ నాకు ఎడమ కన్ను మెల్ల, ఆ కంటికి చూపు కూడా తక్కువే. సినిమాల్లో ప్రయత్నిస్తానంటే "నీ మొహానికి హీరో చేత తన్నులు తినే వేషం తప్ప ఇంకేం వస్తుంది" అంటున్నారు. మొన్న నాన్నతో కలిసి ఒక పాత కౌబాయ్ సినిమా చూశాను. మొదట్లోనే రైల్వేస్టేషన్‌లో బల్ల మీద కూర్చుని ఈగతో అవస్థపడే ఒకాయన ఉన్నాడు. ఆయనకీ నాలాగే ఎడమ కన్ను. నాన్న నా వైపు ఒకసారి చూసి మళ్లీ టీవీ వైపు తిరిగారు, ఏమీ అనలేదు. ఆయన ఎవరు? ఎలా బతికాడు? నేను ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లొచ్చా? ఒక కోఆర్డినేటర్ ఫోటోలకీ పరిచయాలకీ కలిపి 60 వేలు అడుగుతున్నాడు. అమ్మేమో ఆ డబ్బుతో ముందు కన్ను ఆపరేషన్ చేయించుకో అంటోంది.

సమాధానం: ఆయన పేరు జాక్ ఈలమ్. మీరు చూసింది 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్', 1968లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె తీసిన సినిమా. ఆ స్టేషన్ అసలు అమెరికాలోది కాదు, స్పెయిన్‌లో వేసిన సెట్టు. ముగ్గురు మనుషులు ఒకణ్ణి చంపడానికి రైలు కోసం కాచుక్కూర్చుంటారు, అంతే జరిగేది, పది నిమిషాల పాటు దాదాపు మాటే ఉండదు. ఒకడి టోపీ మీద పైనుంచి నీటి చుక్కలు పడుతుంటాయి, ఇంకొకడు మెటికలు విరుచుకుంటుంటాడు, ఈలమ్ మొహం మీద ఈగ వాలుతుంది. ఆయన చేత్తో తోలడు. పెదవి పక్కకి తిప్పి ఊదుతాడు, మూతి విరుస్తాడు, అది లేచి మళ్లీ వాలుతుంది, ఆఖరికి దాన్ని తుపాకీ గొట్టంలో బంధించి, లోపల అది చేసే రొద వింటూ తనలో తాను నవ్వుకుంటాడు. ఈగ వాలడానికి ఆయన మొహానికి తీపి పూశారని చెప్తారు. రైలొచ్చిన కాసేపటికే ముగ్గురూ చచ్చిపోతారు, ఇంకా రెండు గంటలకు పైగా సినిమా మిగిలి ఉంటుంది, పెద్ద పెద్ద నటులు అప్పుడు మొదలవుతారు. అయినా మీరు నాకు ఉత్తరం రాసింది వాళ్ల గురించి కాదు కదా. ఈగ గురించి, ఆ కన్ను గురించి రాశారు.

ఇక ఆయన ఎలా బతికాడన్నది. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ మిగతా ప్రశ్నల జవాబులు చాలావరకు ఇందులోనే ఉన్నాయి. పుట్టింది మయామీలో, అయితే సముద్రం ఒడ్డునున్న ఆ పెద్ద నగరం కాదు, అరిజోనా రాష్ట్రంలో రాగి గనుల మధ్య ఉన్న అదే పేరు గల చిన్న ఊరు. తల్లి పసితనంలోనే పోయింది. చిన్నప్పుడు పత్తి చేలో పత్తి తీశాడు. స్కౌట్ పిల్లల మీటింగులో ఇంకో పిల్లాడితో గొడవలో ఎడమ కంట్లో పెన్సిల్ గుచ్చుకుని ఆ కంటి చూపు పోయింది. ఆ తర్వాత ఆ కన్ను దాని ఇష్టం వచ్చినట్టు తిరిగేది, అది నా మాట వినదు, దానికి తోచింది అది చేస్తుంది అని పెద్దయ్యాక ఇంటర్వ్యూల్లో చెప్పేవాడు. ఒక కంటితోనే చదువుకున్నాడు, కాలిఫోర్నియాలో జూనియర్ కాలేజీకి వెళ్లాడు, ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? లెక్కలు రాశాడు! లాస్ ఏంజెలెస్‌లో బ్యాంక్ ఆఫ్ అమెరికాలో పద్దులు, స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో ఆడిటింగ్, రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో రెండేళ్లు, తిరిగొచ్చాక హాలీవుడ్‌లో సొంతంగా అకౌంటెంటు. శామ్యూల్ గోల్డ్విన్ అంతటి నిర్మాత లెక్కలు కూడా ఆయన చూశాడు. ఒక దశలో బెల్ ఎయిర్ అనే పెద్ద హోటల్‌కి మేనేజర్‌గా కూడా చేశాడు. అంటే మీరు ఈ రోజు కూర్చున్న కుర్చీలోనే ఆయనా కూర్చున్నాడు, ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా దాదాపు.

సినిమాల్లోకి ఎలా వచ్చాడన్నది నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. రోజంతా ఒక్క కంటితో అంకెలు చూసి చూసి కన్ను అలిసిపోయింది. ఇలాగే పని చేస్తే ఉన్న చూపు కూడా దక్కదని డాక్టర్ చెప్పాడు. అదే సమయంలో తెలిసిన ఒక డైరెక్టర్ చేతిలో కౌబాయ్ కథలు ఉన్నాయి, తీయడానికి డబ్బు లేదు. ఎవరి దగ్గర డబ్బు ఉందో, ఎవరిని అడిగితే వస్తుందో ఈలమ్‌కి తెలుసు, ఎందుకంటే వాళ్ల పద్దులు రాసేది ఆయనే. డబ్బు నేను కుదురుస్తాను, బదులుగా నాకు విలన్ వేషాలు ఇవ్వు అన్నాడు. అలా కుదిరింది. ఎవరో వీధిలో చూసి, ఆహా ఏం మొహం అని కారాపి ఎక్కించుకున్న కథ కాదిది. తన దగ్గర అప్పటికే ఉన్న పనితనాన్ని ఇచ్చి, దానికి బదులు తనకి కావలసింది అడిగి తీసుకున్నాడు. కన్ను పనికొచ్చింది ఆ తర్వాత.

ఆ తర్వాత బాగానే పనికొచ్చింది మరి. 1951లో హెన్రీ హాథవే తీసిన 'రాహైడ్'లో ఆయన వేసిన టెవిస్ అనే దొంగ ఎంత క్రూరుడంటే, నడక కూడా సరిగ్గా రాని పసిపాప చుట్టూ తుపాకీ పేలుస్తాడు. ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. పెద్ద తెర మీద ఒక కన్ను మనవైపూ ఇంకో కన్ను ఎటో చూస్తుంటే, ఈ మనిషి తర్వాతి క్షణం ఏం చేస్తాడో చూసేవాడికి అంతుచిక్కదు, విలన్‌కి అంతకంటే ఏం కావాలి. ఆ మరుసటి ఏడాది 'హై నూన్' వచ్చింది. అందులో ఈలమ్‌ది జైలు గదిలో మత్తు వదలక పడుకున్న తాగుబోతు వేషం, కాసేపు కనిపిస్తాడు, పేర్లలో పేరు కూడా వేయలేదు.  ఇలాంటివి ఎన్నో చేశాడు.

ఇక్కడ ఇంకొకాయన గురించి చెప్పాలి, ఎందుకంటే మీ మనసులో ఉన్నది ఈలమ్ దారి కాదేమో, ఈయన దారేమోనని నాకు అనుమానం. అదే 'హై నూన్'లో సినిమా మొదలవగానే మొట్టమొదట కనిపించే మొహం లీ వాన్ క్లీఫ్‌ది. న్యూజెర్సీ మనిషి, యుద్ధంలో నేవీలో చేశాడు, తిరిగొచ్చి ఆయన కూడా లెక్కలే రాశాడు, సాయంత్రాలు మన పరిషత్తుల్లాంటి ఔత్సాహిక నాటకాలు వేశాడు. ఒకే సినిమాలో ఇద్దరు మాజీ అకౌంటెంట్లు, ఇద్దరూ మొహం వల్లే గుర్తుండిపోయినవాళ్లు! వాన్ క్లీఫ్‌కి ఆ సినిమాలో డిప్యూటీ వేషం, అంటే హీరో పక్కనుండే పెద్ద వేషం ఇస్తామన్నారని, కాకపోతే ఆ గద్ద ముక్కు ఆపరేషన్ చేయించుకుని సరిచేసుకోమన్నారని, ఆయన ఒప్పుకోలేదని అంటారు. దాంతో ఒక్క డైలాగు కూడా లేని తుపాకీ మనిషి వేషం మిగిలింది. ఆ తర్వాత పదేళ్లు అలాంటి వేషాలే. మధ్యలో కారు ప్రమాదంలో మోకాలు దెబ్బతింది, ఇక గుర్రం ఎక్కలేవన్నారు. వేషాలు దాదాపు ఆగిపోయాయి. బొమ్మలు వేసి అమ్ముకునే స్థితిలో ఉండగా, 1965లో ఇదే లియోనె, ఇంకా పెద్దవాళ్లు కుదరక, వెతుక్కుంటూ వచ్చి 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' అనే సినిమాలో కల్నల్ మార్టిమర్ వేషం ఇచ్చాడు. మరుసటి ఏడాది 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో క్రూరుడు ఆయనే. నలభై ఏళ్లు దాటాక యూరప్‌లో పోస్టరు మీద మొదటి పేరు అయిపోయాడు. 1989లో పోయాక సమాధి రాయి మీద చెడ్డవాళ్లలో మేటి అని అర్థం వచ్చే మాట చెక్కించారు.

వినడానికి ఈ కథే బాగుంటుంది. సినిమా వాళ్లని ఎవరిని అడిగినా ఇలాంటి కథలే చెప్తారు, ఓపిక పట్టు, ఒకరోజు తలుపు తడతారు అని. కానీ దయచేసి దీని మీద లెక్క వేసుకోకండి. లియోనె రాకపోయి ఉంటే? ముందు అడిగిన పెద్ద నటుల్లో ఎవరో ఒకరు సరే అని ఉంటే? అప్పుడు వాన్ క్లీఫ్ మనకి తెలిసేవాడే కాదు. అది ఆయన ప్రతిభ తక్కువని కాదు, ఆ తలుపు చప్పుడు ఆయన చేతిలో లేదు అంటున్నాను. ఈలమ్ జీవితంలో అలాంటి ఒక్క రోజు లేదు. ఆయన ఎప్పుడూ స్టార్ అవలేదు. అయినా దాదాపు నలభై ఐదేళ్లు వరసగా పని చేశాడు, పిల్లల్ని పెంచుకున్నాడు, పని మధ్యలో పేకాట ఆడుకున్నాడు, చివరిరోజుల్లో ఓరెగాన్‌లో ఆష్‌లాండ్ అనే ప్రశాంతమైన ఊళ్లో ఉండి, 2003 అక్టోబరులో పోయాడు. మీరు అడిగింది "ఎలా బతికాడు" అని. బాగా బతికాడు అండీ. నాకు ఇద్దరిలో ఆయన జీవితమే ఎక్కువ నచ్చుతుంది.

అంత పని ఎలా దొరికిందో కూడా చూడండి. ఆ రోజుల్లో అమెరికా టీవీ నిండా కౌబాయ్ సీరియళ్లే. 1959 ప్రాంతంలో రాత్రి పూట అందరూ టీవీ ముందు కూర్చునే వేళలో పాతికకు పైగా వచ్చేవి. ప్రతి సీరియల్‌లో హీరో ఒక్కడే, ఏళ్ల తరబడి ఆ ఒక్కడే, కానీ వారం వారం వాడి చేతిలో చావడానికి ఒక కొత్త దుర్మార్గుడు కావాలి. చచ్చినవాడు కాబట్టి కొన్నాళ్లాగి అదే నటుణ్ణి ఇంకో పేరుతో, ఇంకో గడ్డంతో మళ్లీ పిలవొచ్చు. 'గన్‌స్మోక్' అనే సీరియల్ 1955 నుంచి 1975 దాకా ఇరవై ఏళ్లు నడిచింది, అందులో ఈలమ్ పదిసార్లకు పైగా వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ వేరే మనిషిగా. హీరోకి ఒక సీరియల్ పోతే ఇల్లు గడవదు, విలన్‌కి పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. అలా మళ్లీ మళ్లీ పిలవాలంటే మొహం ఒక్కటే చాలదు, టైముకి రావాలి, డైలాగు వచ్చి ఉండాలి, గుర్రం మీద కూర్చోవాలి, చెప్పిన చోట పడాలి, పడ్డాక కదలకూడదు. పని ఇచ్చేవాళ్లకి గుర్తుండేది ఇదే.

అయితే ఆయన దుర్మార్గుడిగానే ఆగిపోలేదు, ఇది మీకు చాలా ముఖ్యం. 1963లో 'ది డకోటాస్' అనే సీరియల్‌లో చట్టం వైపు నిలబడే డిప్యూటీ వేషం వేశాడు. అది ఎక్కువ రోజులు నడవలేదు, వెంటనే 'టెంపుల్ హ్యూస్టన్'లో మళ్లీ మంచివాడే. ఆపైన 1969లో 'సపోర్ట్ యువర్ లోకల్ షెరిఫ్' అనే హాస్య సినిమా. అందులో ఈలమ్ ఊళ్లో పనీపాటా లేని జేక్, గుర్రపుశాలలో పడుంటాడు, ఆయన్ని పట్టుకొచ్చి కొత్త షెరిఫ్ (ఊరి పోలీసు అధికారి) తన డిప్యూటీని చేస్తాడు. అంతకుముందు జనాన్ని భయపెట్టిన అదే కన్ను, అదే గడ్డం, ఈసారి నవ్వు పుట్టించాయి. ఈగ సినిమాకీ దీనికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి, ఒక్క ఏడాది! ఆ తర్వాత ఆయన్ని ఎక్కువగా పిలిచింది నవ్వించడానికే. చూపు మార్చలేదు, మొహం మార్చలేదు, కన్ను వెనకాల ఉన్న మనిషిని మార్చాడు. ప్రతినాయకుడి బహుమతులు రెండు వచ్చాయన్నారు కదా, సంతోషం, ఈసారి పరిషత్తుకి ఒక నాన్న వేషమో, ఒక అమాయకుడి వేషమో అడగండి. ఇవ్వం అన్నా పోట్లాడి అడగండి.

ఒక నటుడి జీవితంలో ఐదు దశలుంటాయని ఈలమ్ చెప్పేవాడట. మొదట "జాక్ ఈలమ్ ఎవరు?" అంటారు. తర్వాత "జాక్ ఈలమ్‌నే పిలవండి" అంటారు. ఆ తర్వాత "జాక్ ఈలమ్ లాంటివాణ్ణి చూడండి". ఆపైన "జాక్ ఈలమ్ లాంటి కుర్రాణ్ణి చూడండి". చివరికి మళ్లీ "జాక్ ఈలమ్ ఎవరు?". ఆయన ఇది నవ్వుతూనే చెప్పి ఉంటాడు, నాకు మాత్రం ఇందులో మూడో మెట్టు దగ్గర ఆగి ఆలోచించాలనిపిస్తుంది. మీ పేరు ఒక రకం మనిషికి గుర్తు అయిపోవడం, అంటే "ఫలానా ఆయన లాంటి వేషం" అని కో-డైరెక్టర్లు అనుకోవడం, అది ఊరికే రాదు. మీ చుట్టూ ఉన్నవాళ్లు "తన్నులు తినే వేషం తప్ప" అంటున్నారే, ఆ వేషం ఎంత మంది వేసినా గుర్తుండేది ఒకరో ఇద్దరో. మీరు ఆ ఒకరో ఇద్దరిలో ఉంటారా లేదా అన్నది వాళ్లకి తెలిసే విషయం కాదు.

ఇప్పుడు మీ ఉద్యోగం. మానకండి. ఇప్పుడు అసలు మానకండి. మన కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే నాటకాలు వేశారు, 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాకి వచ్చారు, ఆ తర్వాత ఆయన వేసిన వేషాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మీ పనిలో ఒక సౌకర్యం కూడా ఉంది, మీరు గమనించారో లేదో. నెలలో 11వ తేదీకి ఒక రిటర్ను, 20వ తేదీకి ఇంకోటి, ఆ 20 దాటిందంటే మీకు కాస్త ఊపిరి ఆడుతుంది. నెలాఖరు పది రోజులు ఆడిషన్లకి వాడుకోవచ్చు, ఆడిటర్ గారితో ముందే మాట్లాడి సెలవులు అటువైపు పెట్టుకోండి. మార్చి నెల, ఆడిట్ల సీజన్ వదిలేయండి, అప్పుడు ఎలాగూ కుదరదు.

ఇంకా పెద్ద విషయం, ఈలమ్ చేసిన పని మీరూ చేయగలరు. చిన్న సినిమాలు, వెబ్ సిరీస్‌లు తీసేవాళ్లకి నటులు కోకొల్లలుగా దొరుకుతారు, లెక్కలు సరిగ్గా చూసేవాడు దొరకడు. రోజువారీ బత్తాలు, వ్యాన్ల అద్దెలు, భోజనాల బిల్లులు, వోచర్లు, టీడీఎస్, జీఎస్టీ, ఇవన్నీ గందరగోళంగా ఉంటాయి. సినిమా అయ్యాక ఎక్కడ ఎంత పోయిందో నిర్మాతకే తెలియదు. అలాంటి చోట ఒక ప్రాజెక్టుకి పద్దులు చూస్తానని వెళ్లండి. జీతం మాట్లాడుకోండి, ఊరికే చేయకండి, ఊరికే చేసిన పనికి విలువ ఉండదు. ఆ మాటల్లోనే, మొహమాటపడకుండా, నేను నటుణ్ణి కూడా, ఇదిగో నా వీడియో, సరిపోయే వేషం ఉంటే చూడండి అని చెప్పండి. ఒక షూటింగ్ దగ్గరుండి చూస్తే మీకు ఇంకో మేలు కూడా ఉంది. ఈ బతుకు మీకు నచ్చుతుందో లేదో తెలుస్తుంది. పొద్దున ఐదింటికి మేకప్ వేయించుకుని సాయంత్రం నాలుగింటికి ఒక్క షాట్ కోసం పిలిస్తే మీకు విసుగు పుడుతుందా, ఆ పదకొండు గంటలూ ఆ షాట్ గురించే ఆలోచిస్తారా? రెండోదైతే అప్పుడు హైదరాబాద్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం, అదీ కనీసం ఏడాది ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకున్నాకే.

ఆ 60 వేలు ఇవ్వకండి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. వేషం ఇచ్చేవాళ్లు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు. పరిచయాలకి రేటు చెప్పిన మనిషి అమ్ముతున్నది మీ ఆశని, అంతకుమించి అతని దగ్గర ఏమీ లేదు. ఫోటోలు మీ ఊళ్లో మంచి స్టూడియోలో కొద్ది ఖర్చుతో అయిపోతాయి. ఆడిషన్ వీడియో ఫోనుతో పగటి వెలుతురులో తీయండి, మూడు చిన్న ముక్కలు చాలు. ఒకటి అసలు మాట లేకుండా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు, ఈలమ్ స్టేషన్‌లో కూర్చున్నట్టు. ఇంకోటి కొడుకుతో మాట్లాడే తండ్రిగా. మూడోది నవ్వు వచ్చేది. మూడింటిలోనూ మొహం కెమెరాకి ఎదురుగా పెట్టండి. చాలామంది మెల్లకన్ను ఉన్నవాళ్లు ఫోటో అనగానే తల ఒక పక్కకి వంచుతారు, నల్ల కళ్లజోడు పెట్టుకుంటారు, మీరు అలా చేస్తున్నారేమో పాత ఫోటోలు తీసి చూసుకోండి. ఆ అలవాటు ఉంటే మాన్పించుకోండి. దాచేకొద్దీ చూసేవాళ్ల కళ్లు అక్కడికే పోతాయి.

అమ్మగారి మాట మాత్రం తేలిగ్గా తీసేయకండి. ఆవిడ భయం మీ మొహం గురించి అయినా, అడిగిన ప్రశ్న సరైనదే, మీరు డాక్టర్‌కి చూపించుకుని ఎన్నేళ్లయింది? ఈలమ్‌ది దెబ్బ తగిలి చూపు పోయిన కన్ను. మీది చిన్నప్పటినుంచీ ఉన్న మెల్ల, రెండూ ఒకటి కాదు. పెద్దయ్యాక కూడా మెల్లకి ఆపరేషన్ చేస్తారు, కన్ను నిటారుగా వస్తుంది, చాలామందికి ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడటం తేలికవుతుంది, అది చిన్న విషయం కాదు. అయితే చిన్నప్పటినుంచీ సరిగ్గా పనిచేయని కంటికి ఈ వయసులో ఆపరేషన్‌తో చూపు వచ్చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు, కొందరికి ఆపరేషన్ తర్వాత ఒకటి రెండుగా కనిపించే ఇబ్బంది కూడా ఉంటుంది, మీ సంగతి ఏమిటో పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి. అది చేయించుకోవాలా వద్దా అన్నది మీకోసం తేల్చుకోండి, వేషాల కోసం కాదు. వాన్ క్లీఫ్ ముక్కు ఉంచుకున్నాడని మీరు కన్ను అలాగే ఉంచుకోవాలనేం లేదు, అలాగే ఎవరో ఏదో అన్నారని మార్చుకోవాలనీ లేదు. విజయవాడలోనే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మన పాతతరం దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారి పేరు మీద నడిచే సంస్థే అది. వెళ్లి మెల్లకన్నుకి విడిగా చూసే డాక్టర్‌ని కలవండి.

ఆ డాక్టర్‌ని ఇంకోటి కూడా అడగండి. మీకు గట్టిగా పనిచేసే కన్ను ఒక్కటే అయితే దాన్ని కాపాడుకోవడం ఎలా అని. తేలిగ్గా పగలని పాలికార్బొనేట్ అద్దాల కళ్లజోడు రోజూ పెట్టుకోమంటారు సాధారణంగా. స్టేజి మీద కత్తియుద్ధాలు, సెట్లో గాజు పగిలే ఫైట్లు, కంటి దగ్గర పేలే సామాను, ఇలాంటి వాటికి "నాకు ఒక కన్నే ఉంది సార్" అని ముందే చెప్పండి, చెప్పినందుకు వేషం పోతే పోనివ్వండి. ఈలమ్‌కి ఆ రోజుల్లో డాక్టర్ లెక్కలు మానేయమన్నాడని చదివి, కంప్యూటర్ చూస్తే మీ చూపు కూడా పోతుందేమోనని టెన్షన్ పడకండి. తెర చూస్తే కన్ను అలుస్తుంది, చూపు పోదు. ఉద్యోగం మానడానికి దాన్ని కారణంగా చెప్పుకోవద్దని మాత్రం అడుగుతున్నాను.

నాన్నగారి గురించి. ఆయన మీ వైపు చూసి మళ్లీ టీవీ వైపు తిరిగారన్నారు. ఆ ఒక్క ముక్క మీరు ఉత్తరంలో ఎందుకు రాశారో నాకు అర్థమైంది. మీకు ఆయన చూపు జాలి అనిపించిందేమో. నాకలా అనిపించలేదు. అరవై దాటిన తెలుగు మనిషికి కౌబాయ్ సినిమా అంటే మామూలు సంగతి కాదు. 1971లో కృష్ణ గారి 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది, ఆరుద్ర రాసి, కె.ఎస్.ఆర్.దాస్ తీసినది, రాజస్థాన్ ఇసుకలో షూటింగ్ చేశారు, ఇదే లియోనె సినిమాల ప్రభావంతోనే. ఆ టోపీలు, ఆ గుర్రాలు ఆ వయసు పిల్లల్ని ఎంత ఊపేశాయో ఆయన్నే అడిగి చూడండి. తనకి ఇష్టమైన రకం సినిమాలో తన కొడుకు కన్ను లాంటి కన్ను కనిపిస్తే ఆ తండ్రికి వెంటనే ఏం అనాలో తెలిసి ఉండకపోవచ్చు.

అందుకని ఒక పని చేయండి. 'సపోర్ట్ యువర్ లోకల్ షెరిఫ్' సంపాదించి, ఈసారి అమ్మని కూడా కూర్చోబెట్టుకుని ముగ్గురూ కలిసి చూడండి. చివర్లో ఈలమ్ తిన్నగా కెమెరా వైపు తిరిగి, హీరో సంగతి చెప్పి, ఆ తర్వాత ఈ ఊరికి షెరిఫ్ తానే అయ్యానని, జనం ఎంతో ప్రేమించిన మనిషిని తానేనని మనతో చెప్తాడు. అప్పుడు నాన్నగారు ఏమన్నారో నాకు రాయండి. మీ తర్వాతి పరిషత్తు ఎప్పుడో, ఏ ఊళ్లోనో కూడా.